గట్క రాయని పట్టిక

కరీంనగర్ బస్టాండులో పొద్దున ఆరు గంటలకు బయలుదేరాల్సిన జగిత్యాల బస్సు ఆరూ పదికి కదిలింది. ముప్పై ఒక్క ఏళ్లు ఈ తోవలో టికెట్లు కొట్టి రిటైరైన కండక్టరును నేను. బోర్డు మీద రాసిన టైమును నమ్మి ముందే వచ్చి నిలబడే అమాయకుణ్ని కాను. ఆరూ ఐదుకు వచ్చి, తీరిగ్గా ఎక్కి, కిటికీ పక్క సీటు చూసుకుని కూర్చున్నాను. సంచిలో ఒక జత బట్టలు, నీళ్ల సీసా ఉన్నాయి. జేబులో పాత క్యాలెండరు షీటు వెనక స్కేలు పెట్టి నేను గీసిన పట్టిక ఉంది.

ఆ పట్టిక కోసమే ఈ ప్రయాణం. సిరిసిల్లలో మా అక్క రాజవ్వకు షుగరు. ఎడమకాలి రెండో వేలికి రాయి తగిలి పుండైంది, అది మానడం లేదు. నెల రోజుల్లో షుగరు దిగకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడట. ఈ సంగతి మేనల్లుడు శ్రీనివాసు నాకు నాలుగు రోజుల కింద ఫోనులో చెప్పాడు. ఆ నెల రేపటితో అయిపోతుంది. ఇన్ని రోజులు ఏం చేశావురా అంటే, అమ్మ చెప్పవద్దన్నది మామా అన్నాడు. తిట్టి ఫోను పెట్టేశాను.

తిట్టడం ఒక్కటే కాదు, ఆలోచించాను కూడా. అక్కకు షుగరు ఎందుకు దిగుతుంది? నలభై ఏళ్లకు పైగా ఆ ఇంటికి వెళ్తున్నాను, ఎప్పుడు వెళ్లినా మల్లెపువ్వులాంటి తెల్లన్నమే. ఆమె నా కంచంలో వేరే గింజ పెట్టిన రోజు లేదు. అలాంటి మనిషికి పొద్దున పూట ఏం తినాలో ఎవరో ఒకరు రాసివ్వాలి గదా. నాలుగు రోజులు ఫోనులో వీడియోలు చూసి నేనే రాశాను. సోమవారం జొన్నరొట్టె, మంగళవారం కొర్రల ఉప్మా, బుధవారం రాగిజావ, గురువారం దొడ్డు గోధుమరవ్వ, శుక్రవారం సజ్జరొట్టె, శనివారం దంపుడు బియ్యం, ఆదివారం మళ్లీ కొర్రలు. పక్కన ఉడికించిన శనగలు, పెసర మొలకలు, మెంతికూర. ఓట్సును మాత్రం గుర్రాలకే వదిలేశాను. ఈ పట్టిక డాక్టరుకు చూపించి, పొట్టు మాత్రమే తీసిన ముడి కొర్రలు ఆయన బల్ల మీద పెట్టి, ఇంకో నెల గడువు అడగాలన్నది నా పథకం.

గంగాధర దాటాక పక్క సీటు కుర్రాడు బిస్కెట్ల పాకెట్ విప్పి ఒకటి నాకు ఇవ్వబోయాడు. "షుగర్ ఉన్నోళ్లు గూడ తినొచ్చు అంకుల్, మల్టీగ్రెయిన్" అన్నాడు. పాకెట్ తీసుకుని వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివి వినిపించాను. మొదటి పేరు మైదా, రెండో పేరు చక్కెర. ఏడు ధాన్యాల బొమ్మ ముందు వైపు, మైదా వెనక వైపు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదే. ఆ పిల్లవాడు పాకెట్ తీసుకుని, జగిత్యాల దాకా నా వైపు తిరగకుండా మొత్తం తినేశాడు.

ఏడూ నలభైకి జగిత్యాలలో దిగాను. బస్టాండు దగ్గర ఆకుపచ్చ బోర్డు పెట్టిన మిల్లెట్ టిఫిన్ల హోటల్ ఒకటి కొత్తగా వెలిసింది. రాగిదోశ తెమ్మన్నాను. వచ్చింది. రాగులు ఆ పిండి పక్క నుంచి నడిచి వెళ్లినట్టున్నాయి, అంతకు మించి దోశలో వాటి జాడ లేదు. యజమానిని పిలిచి ఇందులో రాగి ఎంత వేశావని అడిగాను. అతను ఏమాత్రం సిగ్గుపడలేదు.

"గిరాకికి బోర్డు మీద రాగి గావాలె సార్, నోట్లెకు మాత్రం తెల్లదోశనే గావాలె. మేమేం జేస్తం" అన్నాడు.

దోశ సగం వదిలేసి రెండు పూరీలు తెప్పించుకుని తిన్నాను. నాకు షుగరు లేదు. ఎప్పుడూ చూపించుకోలేదు గనక లేదు. టిఫిను, చాయ కలిపి తొంభై రూపాయలు. ఈ తోవన వచ్చేవాళ్లు ఆ ఆకుపచ్చ బోర్డు దాటి నాలుగడుగులు వేస్తే మామూలు హోటల్లో అదే పిండి సగం ధరకు దొరుకుతుంది.

తొమ్మిదింటికి కిరాణా దుకాణాలు తెరిచారు. మూడు చోట్ల కొర్రలు అడిగాను. మూడు చోట్లా అద్దంలా మెరిసే తెల్ల గింజల పాకెట్లే తీశారు. తవుడంతా పోయాక ఇందులో ఇంకేముంటుందని అడిగితే, గింత తెల్లగ ఉంటేనే కొంటరు సార్ అని మూడో దుకాణం సేటు హితబోధ చేశాడు. ఆరోగ్యం కావాలట, అది బియ్యంలా కనిపించాలట. మన జనం గురించి నాకు కొత్తగా తెలియాల్సిందేమీ లేదు గానీ, పొద్దున్నే ఇంత మోతాదులో తెలియడం కష్టమే.

చివరికి మార్కెట్ గోడ పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చున్న ఒక ముసలమ్మ దగ్గర పొట్టుతో ఉన్న కొర్రలు కనిపించాయి. ఆమెది రాయికల్ అట, మెట్ట చెల్క గట్టున రెండు సాళ్లు చల్లుతుందట. మూడు కిలోలు కావాలన్నాను.

"పిట్టలకా బిడ్డా?" అని అడిగింది. చిలుకలు పెంచుకునేవాళ్లు తప్ప ఇవి ఎవరూ కొనరట.

"మనుషులకే" అన్నాను.

"మనుషులకెందుకు? పాపం" అంది.

జగిత్యాల మొత్తం మీద ముడిధాన్యం తింటున్నవి పంజరాల్లోని చిలుకలేనని ఆ విధంగా తేలింది. మూడు కిలోలు సంచిలో పోయించుకుని పదీ యాభైకి కోరుట్ల బస్సు ఎక్కాను. బస్సు నిండా ఉచితంగా పోయే జీరో టికెట్ల ఆడవాళ్లు. కొత్త కండక్టరు పిల్లకు మిషను కొట్టడం తప్ప మనిషిని జరిపి చోటు చేయడం రాదు. నేనే లేచి నలుగురిని వెనక్కి జరిపాను. ఆమె నాకు దండం పెట్టలేదు సరికదా, పెద్దాయనా నీ సీట్ల నువ్వు కూసో అని కసిరింది.

కోరుట్లలో పదకొండూ నలభైకి దిగి నేరుగా హమీద్ భాయ్ గిర్నికి పోయాను. పదిహేనేళ్లు నా బస్సులో కరీంనగర్ వచ్చి పోయిన స్నేహితుడు. గిర్నిలో పిండి పట్టే రాయి ఒక పక్క, వడ్లు మరపట్టే పాత మిషను ఇంకో పక్క ఉంటాయి. సంచి ఆయన చేతికిచ్చి, అక్క వేలి సంగతంతా చెప్పాను. పైన పొట్టు ఒక్కటే పోవాలి, తవుడు గింజ మీదే ఉండాలి, ఒక్కసారే పట్టాలి అని రెండుసార్లు చెప్పాను. ఆయన తల ఊపి, ముందు ఇంట్లోకి పొమ్మన్నాడు. వాళ్లింట్లో భోజనం చేయకుండా కోరుట్ల దాటిన మనిషి లేడు. ఖట్టీదాల్, అన్నం, వేయించిన కాకరకాయ. వాళ్ల బేగం మూడోసారి వడ్డిస్తుంటే వద్దనడం చేతకాలేదు.

ఒంటిగంటన్నరకు తిరిగి వచ్చేసరికి హమీద్ భాయ్ భుజాన కండువాతో చెమట తుడుచుకుంటూ ఎదురొచ్చి, సంచి మూతి విప్పి చూపించాడు. పొద్దున దుకాణంలో నేను ఈసడించుకున్న పాకెట్ల కంటే తెల్లగా ఉన్నాయి కొర్రలు.

"పనోనికి ఇయ్యలే, నేనే నాలుగుసార్లు పట్టిన. బిమారున్న మీ అక్కకు పోయే గింజ నా గిర్నికెంచి మురికిగ పోతే నా ఇజ్జత్ ఏముంటది?" అన్నాడు.

ఏం చెప్పాలి ఈ మనిషికి? నలభై ఏళ్లుగా తెల్లగా పట్టడమే గిర్ని మర్యాద అనుకున్నవాడు. గౌరవం ఎంత ఎక్కువైతే అన్నిసార్లు తిప్పుతాడు. పనివాడికి ఇచ్చి ఉంటే ఒక్కసారి పట్టి పారేసేవాడు, నా పని అయ్యేది. తవుడు ఏదని అడిగాను. వెనక కొట్టంలో బర్రెకు పెట్టాడట. పోయి చూశాను. మా అక్క కోసం నేను రాసిన మంగళవారం, ఆదివారం టిఫిన్లు రెండూ ఆ బర్రె కళ్లు మూసుకుని నెమరేస్తోంది. దానికి షుగరు రాదని గ్యారంటీ ఇవ్వగలను. హమీద్ భాయ్ పైసలు తీసుకోలేదు, తీసుకుని ఉంటే కనీసం తిట్టే హక్కన్నా మిగిలేది.

మూడూ పదికి కథలాపూర్ మీదుగా వేములవాడ పోయే బస్సు దొరికింది. కథలాపూర్‌లో ఎక్కిన ఒకామె నా ఒళ్లోని సంచిలోకి తొంగి చూసి, ఎంత సక్కగున్నయన్నా గింజలు అని మెచ్చుకుంది. నేను సంచి మూతి బిగించి కళ్లు మూసుకున్నాను. వేములవాడలో దిగి ఇంకో బస్సు మారి సిరిసిల్ల చేరేసరికి ఆరూ ఇరవై. మగ్గాల చప్పుడు మొదలైన చోట ఆటో దిగితే నాలుగో ఇల్లు అక్కది. కింద శ్రీనివాసు మగ్గాలు నడుపుతాడు, పక్క గదిలో అక్క ఉంటుంది. బావ పోయి ఆరేళ్లు.

"అచ్చినవా తమ్మీ" అంటూ లేచింది. లేస్తూనే చీర కుచ్చెళ్లు కాలి మీదికి జార్చింది. వేలు చూపించమంటే రేపు దవఖానల జూద్దువు తియ్ అంది. దాచిపెడుతోందంటే పుండు ముదిరిందనే అనుకున్నాను. ఆ భయాన్ని కోపంగా మార్చుకున్నాను. కోపమైతే నాకు అలవాటు.

ఏడున్నరకు కంచం పెట్టింది. అదే తెల్లన్నం, కోడిగుడ్ల పులుసు. నువ్వు కూడా కూర్చో అంటే ఇందాకనే తిన్న అంది. నేను తింటూనే క్లాసు పీకాను. నాలుక కట్టుకోలేని వాళ్లకు డాక్టర్లు ఎందుకని, ఈ అన్నమే నీ వేలును తినేస్తోందని అన్నాను. ఆమె మాత్రం గరిటెతో ఇంకాస్త నా కంచంలో వేసింది. తర్వాత పట్టిక తీసి వారాలవారీగా చదివి వినిపించాను. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా విన్నది.

"అన్ని మంచిగ రాసినవ్. గందుల గట్క లేదేంది తమ్మీ?" అని అడిగింది.

గట్క అంటే తెలియనివాళ్లకు చెప్తున్నాను. జొన్నలను ఇసుర్రాయిలో బరకగా పగలగొట్టి, ఆ రవ్వను ముద్దగా వండుతారు. బియ్యం కొనలేని రోజుల్లో మా వైపు ఊళ్లన్నీ దాని మీదే బతికాయి.

"గట్కనా? గా బతుకు ఎన్నడో పోయిందక్కా. ఇప్పుడెవలు తింటరు" అని నవ్వాను. ఆమె కంచం తీసుకుని లోపలికి వెళ్లింది.

తెల్లారి ఆరున్నరకు లేచాను. అప్పటికే అక్క స్నానం, తిండి అయిపోయాయట. శ్రీనివాసుతో నా కోసం సందు చివరి బండి నుంచి నాలుగు ఇడ్లీలు తెప్పించి పెట్టింది. వంటింటి మూలన ఇసుర్రాయి చుట్టూ పచ్చజొన్నల నూక రాలి ఉంది, కోళ్లకు కాబోలు అనుకున్నాను. కోళ్లు మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు. అంత చూసే ఓపిక ఎవరికుంది, పట్టిక రాసినవాడికి అన్నీ తెలుసు గదా.

పదింబావుకు దవఖానకు పోయాం. పదకొండో నంబరు టోకెను. రక్తం ఇచ్చి, ఫలితం కోసం కూర్చుని, పదకొండూ నలభైకి లోపలికి పిలిచారు. డాక్టరు చిన్న వయసువాడు. నేను పట్టిక, కొర్రల సంచి రెండూ సిద్ధంగా పట్టుకున్నాను. నర్సు కట్టు విప్పుతుంటే కళ్లు పక్కకు తిప్పుకున్నాను. ఆయన కాగితం చూసి, వేలు చూసి, మళ్లీ కాగితం చూశాడు.

"మందులు మొదటి నుంచి వాడుతున్నవే గదమ్మా. తిండిల ఏం మార్చినవ్? పొద్దున ఏం తింటున్నవ్?" అని అడిగాడు.

అక్క నా వైపు చూసింది. నేను పట్టిక మడత విప్పబోయాను.

"నువ్వు జెర బయట కూసో తమ్మీ" అంది.

అంత దూరం నుంచి వచ్చినవాణ్ని, బర్రె పాలైన కొర్రలు మోసుకొచ్చినవాణ్ని, బయట కూర్చోవాలట. తెల్లన్నం తింటున్నానని నా ముందు చెప్పడానికి సిగ్గు అనుకున్నాను. కర్టెను అవతలికి వెళ్లాను గానీ కూర్చోలేదు, దాని పక్కనే నిలబడ్డాను. 

"గట్క సార్. మీరు చెప్పిన దినం సంది రోజు జొన్న గట్కనే, పెసర్లు ఉడకపెట్టుకొని. మా తమ్ముని ముంగట అనకుండ్రి సార్, మనసుకు తీసుకుంటడు" అంది అక్క.

వేలు తీయాల్సిన పని లేదని, పుండు ఎండుతోందని, షుగరు బాగా దిగిందని, ఆ గట్క మానవద్దని డాక్టరు చెప్పడం కర్టెను గుడ్డలోంచి స్పష్టంగా వినిపించింది. నాకు ఏడుపొచ్చింది. వేలు దక్కిందన్న సంతోషంతోనే అనుకోండి, కానీ అదొక్కటే కాదు. పట్టిక మడిచి జేబులో పెట్టుకున్నాను.

తిరుగు ఆటోలో అడిగాను. గట్క తింటున్నానని నాకు చెబితే ఏమయ్యేదని అడిగాను. అక్క రోడ్డు వైపు చూస్తూ చెప్పింది. నాకు పద్దెనిమిదేళ్లప్పుడు, ఆమె పెళ్లయిన మొదటి ఏడు, బతుకమ్మకు ఆమెను తోలుకుపోవడానికి వాళ్లింటికి వెళ్లాను. కంచంలో గట్క పెట్టారు. నేను కంచం ముందుకు నెట్టి, మా అక్కకు బువ్వ పెట్టలేనివాడివి పెళ్లెందుకు చేసుకున్నావని బావను వాళ్ల అమ్మానాన్నల ముందే అడిగి లేచిపోయాను.

నాకు ఆ మాట గుర్తే లేదు. అన్నవాడు మరిచిపోతాడు, పడ్డవాడు మరిచిపోడు.

"మీ బావ ఒక్క మాట అనలే. నువ్వు నూకిన గట్క తల్లె ముంగటికి జరుపుకొని, నువ్వు ఇడిసిందంత తనే తిన్నడు. అటెన్క నువ్వస్తున్నవంటే ఎక్కడికెంచైనా రెండు సేర్ల బియ్యం దెచ్చేటోడు. గట్క కుండ మీద గంప బోర్లిచ్చేటోళ్లం. ఆయన పోయిండు గని, నాకు గదే అలవాటాయె" అంది అక్క.

నలభై ఏళ్లకు పైగా నేను తిన్న మల్లెపువ్వుల అన్నం, గంప కింద దాచిన కుండ పక్కన కూర్చుని తిన్నది. అందులో బావ వడ్డించిన పూటలు ఎన్నో. రుచిగా ఉందని ఒక్కసారైనా అన్నానో లేదో తెలియదు. తప్పైపోయిందని అక్కతో అన్నాను. నాకేం జెప్తవ్ తమ్మీ, నన్నన్నవా, అంది. చెప్పుకోవాల్సిన మనిషి లేడు.

మధ్యాహ్నం గట్క పెట్టమని నేనే అడిగాను. పచ్చిపులుసు పోసుకుని తిన్నాను. పొగరు పోవడానికి అది మందు అని రాస్తే బాగుంటుంది గానీ, నిజం చెప్పాలంటే పచ్చిపులుసులో ఉప్పు తక్కువైంది, అది కూడా అక్కతో అన్నాను. ఆమె మొదటిసారి పకపకా నవ్వింది. నా తెల్ల కొర్రలు పరమాన్నానికి పనికొస్తాయంది. షుగరున్న ఇంట్లో పరమాన్నం ఎవరికని అడిగితే, నువ్వొచ్చినప్పుడు వండుతానంది. నీ షుగరు ఎన్నడు చూపిచ్చుకుంటవని కూడా అడిగింది. వినపడనట్టు చెప్పులు వెతుక్కున్నాను. వచ్చేటప్పుడు రెండు కిలోల గట్క రవ్వ గుడ్డలో మూటకట్టి చేతిలో పెట్టింది.

మూడూ ఇరవైకి కరీంనగర్ బస్సు. ఈ మూడు ఊర్లూ తిరగాలనుకునేవాళ్లకు నా సలహా ఒక్కటే. జగిత్యాలలో బోర్డులు చదవవద్దు, కోరుట్లలో స్నేహితుల గిర్నికి పోవద్దు, సిరిసిల్లలో మీ వాళ్లెవరైనా ఉంటే ముందు వాళ్ల వంటింట్లో బోర్లించిన గంప ఎత్తి చూడండి. ముడిధాన్యం గురించి నేను నేర్చుకున్నదంతా ఇదే, దీనికి రెండు రోజులు, ఐదు బస్సులు పట్టాయి.

బస్సు సగం దూరం వచ్చాక మూట ముడి వదులై, రవ్వ కాస్త పక్క సీటు ఆమె కొంగు మీద రాలింది. నలభై ఏళ్లుంటాయి ఆమెకు, మంచి చీర కట్టుకుంది. ఏందన్నా గిది అని అడిగింది. బియ్యం నూకలు అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

"జొన్న గట్క రవ్వ. మా అక్క ఇచ్చింది" అన్నాను.

ఆమె నా చొక్కా వైపు, చెప్పుల వైపు జాలిగా చూసింది.

"అయ్యో పాపం. ఇప్పుడు రేషన్ల సన్నబియ్యమే ఇస్తుండ్రు గదన్నా. నీకు కార్డు లేదా?" అంది.

జేబులో పట్టిక ఉంది. తవుడంటే ఏమిటో, పీచు ఏం చేస్తుందో, తెల్లగింజ ఎట్లా మోసం చేస్తుందో కరీంనగర్ వచ్చేదాకా ఆమెకు చెప్పగలను, నోరు మూయించగలను. కానీ ఆ రోజు మా బావ నాకేమీ చెప్పలేదు. ఆమె కొంగు మీది రవ్వను గింజ గింజా ఏరుకుని మూటలో వేసుకుని, ముడి గట్టిగా బిగించి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.